పాఠం 9 : మేకపాలతో ఇంటి సబ్బు

9.0 ఈ పాఠం దేనికి?

ఈ పాఠం పూర్తి చేసేసరికి మీరు నూనె, క్షారం కలిసి సబ్బుగా మారే చర్యను మీ సొంత మాటల్లో చెప్పగలుగుతారు. ఏ నూనెకు ఎంత కాస్టిక్ సోడా పడుతుందో లెక్క కట్టగలుగుతారు. మేకపాలు మాడకుండా, రంగు చెడకుండా సబ్బులో కలపగలుగుతారు. తయారైన సబ్బు ఒంటికి వాడవచ్చునో లేదో పరీక్షించి తేల్చుకోగలుగుతారు.

మొదటిసారి చదివేటప్పుడు ఏ వస్తువూ కొనవద్దు. నోటు పుస్తకం, పెన్సిలు దగ్గర పెట్టుకొని చదవండి. చివర ఇచ్చిన లెక్కలు మీ అంతట మీరు చేసి, జవాబులతో సరిచూసుకున్న తరువాతనే బజారుకు వెళ్ళండి. ఈ పనిలో వాడే కాస్టిక్ సోడా చర్మాన్ని కాల్చే పదార్థం. లెక్క తప్పితే సబ్బు పాడవడమే కాదు, దానితో స్నానం చేసినవారి ఒళ్ళు కూడా మండుతుంది.

9.1 మలంచా నుంచి మొదలుపెడదాం

ఖరగ్‌పూర్ రైల్వే ఊరు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి పని కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు మలంచా, మథురాకాటి, నిమ్‌పురా వంటి పేటల్లో స్థిరపడ్డాయి. ఈ ప్రాంతంలో ఎక్కువగా పెంచే మేక బ్లాక్ బెంగాల్ జాతిది. పొట్టి కాళ్ళు, చిన్న ఒళ్ళు. పేరుకు తగినట్లు చాలావరకు నల్లగానే ఉంటుంది, గోధుమ రంగువీ తెల్లవీ కూడా కనిపిస్తాయి. ఒక్కో ఈతలో రెండు, మూడు పిల్లలను పెడుతుంది. మాంసానికీ తోలుకూ ఈ జాతికి మంచి పేరుంది. పాలు మాత్రం తక్కువ. రోజుకు సాధారణంగా అర లీటరు లోపే ఇస్తుంది, అదీ మూడు నాలుగు నెలలే. జమునాపారి వంటి పెద్ద జాతి మేకతో దీనిని పోల్చకూడదు.

ఇంత తక్కువ పాలతో సబ్బు చేయడం కుదురుతుందా? కుదురుతుంది. ఒక కిలో నూనెతో సబ్బు చేయడానికి మనకు కావలసిన పాలు 300 గ్రాములు. ఆ నూనెకు ఆరిన తరువాత వంద గ్రాముల బిళ్ళలు సుమారు పన్నెండు వస్తాయి. అంటే ఒక్కో బిళ్ళకు పాతిక గ్రాముల పాలు. రోజూ ఒక చిన్న టీ గ్లాసు పాలు పక్కకు తీసి గడ్డకట్టిస్తే నాలుగైదు రోజుల్లో సరిపడా పోగవుతాయి. పాలను గడ్డకట్టించడం ఈ పనిలో ఎలాగూ అవసరమే. అది ఎందుకో 9.5లో చూస్తారు.

ఒక షరతు. పిల్లలు తాగగా మిగిలిన పాలే తీయాలి. ఈనిన మొదటి రోజుల్లో వచ్చే చిక్కని ముర్రుపాలు తీయకూడదు. అవి మేకపిల్లల ప్రాణం నిలిపే పాలు. పైగా వాటిలో మాంసకృత్తులు ఎక్కువ కాబట్టి సబ్బుకు కూడా పనికిరావు.

9.2 సబ్బు ఎలా ఏర్పడుతుంది?

మన ఇళ్ళలో పెద్దవాళ్ళు తలకు కుంకుడుకాయ, ఒంటికి సున్నిపిండి వాడేవారు. చాకళ్ళు బట్టలకు చౌడు మట్టి వాడేవారు. బెంగాల్ పల్లెల్లో అరటి చెట్టును ఎండబెట్టి కాల్చి, ఆ బూడిద నీళ్ళతో బట్టలు ఉతికేవారు. దానిని బెంగాలీలో 'ఖార్' అంటారు. మన 'క్షారం' అన్న మాటే అది. చౌడులో ఉండేది సోడియం క్షారం, బూడిదలో ఉండేది పొటాషియం క్షారం. జిడ్డు బట్ట మీద ఈ నీళ్ళు పోస్తే జిడ్డులో కొంత భాగం సబ్బు వంటి పదార్థంగా మారి నీటితో పోతుంది. సబ్బు తయారీలో మనం చేసే పని కూడా దాదాపు ఇదే. తేడా ఏమిటంటే, బూడిద నీటిలో క్షారం ఎంత ఉందో ఎవరికీ తెలియదు. మనకు తెలిసి తీరాలి.

నూనెలు, కొవ్వులు అన్నీ ఒకే నమూనాలో ఉంటాయి. ఒక గ్లిజరిన్ అణువుకు మూడు కొవ్వు ఆమ్లాలు తగులుకొని ఉంటాయి. కాస్టిక్ సోడా, అంటే సోడియం హైడ్రాక్సైడ్, ఈ ముడిని విప్పుతుంది. విడిపోయిన కొవ్వు ఆమ్లం సోడియంతో కలిసి సబ్బు అవుతుంది. గ్లిజరిన్ విడిగా మిగులుతుంది.

నూనె + కాస్టిక్ సోడా → సబ్బు + గ్లిజరిన్

ఈ చర్యను సపోనిఫికేషన్ అంటారు. కొవ్వుల నిర్మాణాన్నీ ఈ చర్యనూ 19వ శతాబ్దం తొలి భాగంలో వివరించినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్. అంతకు కొంత ముందు, 1791లో, ఉప్పు నుంచి సోడా తయారు చేసే పద్ధతికి లెబ్లాంక్ పేటెంటు పొందాడు. ఆ తరువాత సబ్బుకు బూడిద మీద ఆధారపడవలసిన అవసరం క్రమంగా తగ్గిపోయింది. మనకు దగ్గరి ఉదాహరణ కావాలంటే, 1916లో కలకత్తాలో మొదలైన కలకత్తా కెమికల్ కంపెనీ వేపనూనెతో మార్గో సబ్బును తెచ్చింది. ఆ ఆకుపచ్చ బిళ్ళను మీలో చాలామంది వాడే ఉంటారు.

పెద్ద ఫ్యాక్టరీలలో గ్లిజరిన్‌ను సాధారణంగా వేరు చేసి విడిగా అమ్ముతారు. ఇంట్లో చేసే సబ్బులో అది సబ్బులోనే ఉండిపోతుంది. గ్లిజరిన్‌కు తేమను పట్టి ఉంచే గుణం ఉంది. ఇంటి సబ్బు ఒంటికి మెత్తగా తగలడానికి ఇదొక కారణం. వానాకాలంలో సబ్బు మీద చెమట పట్టినట్లు నీటి బొట్లు నిలవడానికి కారణం కూడా ఇదే.

ఆగి ఆలోచించండి : వంట సోడాతో గాని, చాకలి సోడాతో గాని ఈ సబ్బు చేయవచ్చునా?

చేయలేరు. వంట సోడా బైకార్బొనేటు, చాకలి సోడా కార్బొనేటు. పేరులో 'సోడా' ఉన్నా నూనెను ఈ పద్ధతిలో సబ్బుగా మార్చేంత బలం వాటికి లేదు. దుకాణంలో 'సోడా' అని కాక 'కాస్టిక్ సోడా' అని పూర్తి పేరు చెప్పి అడగండి. మూసుకుపోయిన తూములు శుభ్రం చేయడానికి అమ్మే చిన్న పొట్లాలు కూడా కొనవద్దు. వాటిలో కాస్టిక్ సోడాతో పాటు అల్యూమినియం ముక్కల వంటి వేరే పదార్థాలు కలిసి ఉండవచ్చు.

9.3 అన్నిటికంటే ముఖ్యమైనది తూకం

పాఠంలో ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి.

ఒక గ్రాము నూనెను పూర్తిగా సబ్బుగా మార్చడానికి ఇంత కాస్టిక్ సోడా కావాలి అని ప్రతి నూనెకూ ఒక అంకె ఉంటుంది. ఈ అంకె నూనెను బట్టి మారుతుంది. మనకు దొరికే నూనెలకు ఆ అంకెలు సుమారుగా ఇవి :

కొబ్బరి నూనె – 0.183
పామోలిన్ – 0.142
వేరుశనగ నూనె – 0.137
తవుడు నూనె – 0.133
ఆముదం – 0.128
ఆవనూనె – 0.123

కొబ్బరి నూనెకూ ఆవనూనెకూ ఇంత తేడా ఎందుకు? కొబ్బరి నూనెలోని కొవ్వు ఆమ్లాలు చాలావరకు పొట్టి గొలుసులు, ఎక్కువ భాగం 12 కార్బన్లవి. ఆవనూనెలో పొడుగు గొలుసులు ఎక్కువ, 22 కార్బన్లవి కూడా ఉంటాయి. ఒక కిలో చిన్న ఉల్లిపాయలు, ఒక కిలో పెద్ద ఉల్లిపాయలు తూచి లెక్కపెట్టండి. చిన్నవి ఎక్కువ వస్తాయి కదా! అలాగే ఒక గ్రాము కొబ్బరి నూనెలో అణువులు ఎక్కువ, కాబట్టి వాటిని విప్పడానికి సోడా కూడా ఎక్కువ పడుతుంది.

ఈ పాఠంలో మనం వాడే మిశ్రమం : కొబ్బరి నూనె 300 గ్రాములు, పామోలిన్ 400 గ్రాములు, తవుడు నూనె 250 గ్రాములు, ఆముదం 50 గ్రాములు. మొత్తం ఒక కిలో. కొబ్బరి నూనె గట్టిదనాన్నీ నురగనూ ఇస్తుంది, కాని మరీ ఎక్కువైతే ఒళ్ళు పొడిబారుతుంది. పామోలిన్ బిళ్ళ త్వరగా అరిగిపోకుండా చూస్తుంది. తవుడు నూనె మెత్తదనానికి. ఆముదం నురగను నిలబెడుతుంది. గోల్‌బజార్‌లో బెంగాలీ దుకాణంలో అడిగేటప్పుడు కొబ్బరి నూనెను 'నార్కెల్ తేల్' అని, ఆముదాన్ని 'రేడిర్ తేల్' అని అడగండి.

లెక్క :
300 × 0.183 = 54.90
400 × 0.142 = 56.80
250 × 0.133 = 33.25
50 × 0.128 = 6.40
మొత్తం = 151.35 గ్రాములు

ఇంత సోడా వేస్తే నూనె మొత్తం సబ్బుగా మారిపోతుంది. కాని మనం ఇంత వేయకూడదు. నూనె స్వభావంలో, తూకంలో చిన్న తేడాలు ఎప్పుడూ ఉంటాయి. వాటికి చోటు ఉంచడానికి నూటికి ఐదు వంతులు తగ్గిస్తాం. 151.35లో నూటికి 95 వంతులు 143.78. దశాంశాన్ని వదిలేసి 143 గ్రాములు తీసుకుంటాం. దశాంశాన్ని ఎప్పుడూ కిందికే వదిలేయాలి, పైకి పెంచకూడదు. తగ్గించినందువల్ల కొద్దిగా నూనె మారకుండా మిగిలి చర్మానికి మెత్తదనం ఇస్తుంది. మేకపాలలోని వెన్న కూడా కొంత సోడాను తీసుకుంటుంది కాబట్టి నిజానికి మిగులు ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది.

ఇప్పుడు తప్పు ఎలా జరుగుతుందో చూడండి. రెండు ఉదాహరణలు చాలు.

మొదటిది. మలంచాలో చాలా వంటిళ్ళలో ఆవనూనె, అంటే 'శొర్షేర్ తేల్' ఉంటుంది. "పామోలిన్ లేదు, దాని బదులు ఆవనూనె 400 గ్రాములు పోద్దాం, నూనె నూనే కదా!" అని ఒకరు అనుకున్నారనుకోండి. ఆవనూనెకు కావలసిన సోడా 400 × 0.123 = 49.20 మాత్రమే. మొత్తం అవసరం 143.75కు తగ్గింది. వేసింది 143. మనం భద్రత కోసం ఉంచుకున్న మిగులు దాదాపు అంతా పోయింది. కాటా ఒకటి రెండు గ్రాములు తేడా చూపితే చాలు, సోడా మిగిలిపోయిన సబ్బు తయారవుతుంది. సరైన పద్ధతి ఏమిటి? మళ్ళీ లెక్క కట్టడమే. 143.75లో నూటికి 95 వంతులు 136.56, అంటే 136 గ్రాములు. ఆవనూనెతో సబ్బు అవుతుంది. ఘాటు వాసన మాత్రం కొంత మిగులుతుంది.

రెండోది ఇంకా సాధారణం. నూనె ప్యాకెట్ మీద '1 లీటరు' అని ఉంటుంది. లీటరు అంటే కిలో అనుకుంటాం. ప్యాకెట్‌ను తిప్పి చూడండి, చాలా వాటి మీద బరువు 910 గ్రాములు అని కూడా అచ్చువేసి ఉంటుంది. నూనె నీటికంటే తేలిక. ఒక్క పామోలిన్‌తోనే సబ్బు చేస్తున్నారనుకుందాం. వెయ్యి గ్రాములకు 142, ఐదు వంతులు తగ్గిస్తే సుమారు 135 గ్రాముల సోడా. కాని ప్యాకెట్‌లో ఉన్నది 910 గ్రాములే. దానికి పూర్తిగా పట్టేది 129 గ్రాములు. దాదాపు ఆరు గ్రాముల సోడా ఎక్కువైపోయింది. అది ఎక్కడికీ పోదు, సబ్బులోనే ఉండి ఒంటికి తగులుతుంది.

అందువల్ల గ్లాసులతో, చెంచాలతో, లీటర్లతో కొలవవద్దు. నూనె, సోడా, పాలు అన్నిటినీ గ్రాములలో తూచాలి. ఒక గ్రాము తేడా చూపే చిన్న ఎలక్ట్రానిక్ కాటా కావాలి. ముల్లు తిరిగే వంటింటి కాటా ఈ పనికి చాలదు. "ముందు కొంచెమే చేసి చూద్దాం" అనిపించడం సహజం. కాని మరీ తక్కువ చేయడం మంచిది కాదు. కిలో నూనెకు సోడా 143 గ్రాములు. అందులో ఒక గ్రాము పొరపాటు నూటికి ఒక వంతు కూడా కాదు. 200 గ్రాముల నూనెతో చేస్తే సోడా 28 గ్రాములే. అదే ఒక గ్రాము పొరపాటు అక్కడ నూటికి మూడున్నర వంతులు అవుతుంది. అర కిలో నూనెకు తగ్గకుండా చేయండి.

చేసి చూడండి : ఇంట్లో ఉన్న లీటరు నూనె ప్యాకెట్‌ను తూచండి. ఖాళీ అయ్యాక కవరును కూడా తూచి తీసివేయండి. వచ్చిన అంకెను ప్యాకెట్ మీద అచ్చువేసిన బరువుతో పోల్చండి.

9.4 కాస్టిక్ సోడా దగ్గర జాగ్రత్తలు

కాస్టిక్ సోడా తెల్లని రేకులుగా గాని, గింజలుగా గాని దొరుకుతుంది. చూడడానికి కలకండ పలుకుల్లా ఉంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇదే అసలు ప్రమాదం. కొని తెచ్చిన వెంటనే గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పోసి, పైన పెద్ద అక్షరాలతో పేరు రాసి, పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టండి. పప్పుల డబ్బాలో, బిస్కెట్ డబ్బాలో ఎప్పుడూ పోయవద్దు. మూత వదులైతే గాలిలోని తేమను పీల్చుకొని ముద్ద అవుతుంది, బలం కూడా తగ్గుతుంది. బెంగాల్ వానల్లో ఇది రెండు మూడు రోజుల్లోనే కనిపిస్తుంది. ముద్ద కట్టిన సోడాను సబ్బుకు వాడవద్దు. దాని బలం తెలియకపోతే మన లెక్కకు అర్థం లేదు.

పని చేసేటప్పుడు రబ్బరు చేతి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా లేదా జాకెట్టు, కళ్ళకు అద్దాలు ఉండాలి. చీర కొంగు బిగించి దోపుకోండి. కిటికీ తెరిచి ఉంచండి. సోడా కరిగేటప్పుడు వచ్చే ఆవిరి మీదికి ముఖం వంచవద్దు.

సిలవరు గిన్నె, అంటే అల్యూమినియం గిన్నె, ఎంత మాత్రమూ వాడకూడదు. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. ఆ చర్యలో మండే గుణం ఉన్న హైడ్రోజన్ వాయువు వస్తుంది. ఇత్తడి, రాగి, తగరపు పూత ఉన్న పాత్రలు కూడా పనికిరావు. స్టీలు గిన్నెలు, మందపాటి ప్లాస్టిక్ పాత్రలు వాడండి. ఒకసారి ఈ పనికి వాడిన గిన్నె, గరిటె మళ్ళీ వంటకు వాడకుండా వేరుగా ఉంచుకోవడం మంచిది.

సోడాను పాలలో వేయాలి. సోడా మీద పాలు గాని, నీళ్ళు గాని పోయకూడదు. పోస్తే ఒక్కసారిగా కాగి మీదికి చిమ్ముతుంది.

సోడా ఒంటి మీద పడితే తడిసిన బట్టను తీసివేసి, ధారగా నీళ్ళు చాలాసేపు పోస్తూనే ఉండండి. కంట్లో పడితే రెప్పలు తెరిచి ఉంచి కనీసం ఇరవై నిమిషాలు నీటితో కడుగుతూ, మరొకరితో ఆసుపత్రికి బండి సిద్ధం చేయించండి. నిమ్మరసం, వెనిగర్ రాయవద్దు. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించవద్దు. లోపలికి పోతూ ఒకసారి కాల్చిన పదార్థం బయటికి వస్తూ మళ్ళీ కాలుస్తుంది. నోరు కడిగించి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

9.5 తయారు చేసే పద్ధతి

నీటితో సబ్బు చేసేటప్పుడు సోడా నీటిలో కరిగి బాగా వేడెక్కుతుంది. నీళ్ళకు ఏమీ కాదు. పాలు అలా కాదు. పాలలో చక్కెర ఉంది. క్షారం, వేడి రెండూ కలిస్తే ఆ చక్కెర మొదట పసుపు, తరువాత నారింజ, ఆపైన గోధుమ రంగుకు మారుతుంది. మాంసకృత్తులు విరిగి అమ్మోనియా వాసన కూడా వస్తుంది. అందుకే పాలను ముందే గడ్డకట్టిస్తాం. సోడా వేడి ఆ మంచును కరిగించడానికే ఖర్చవుతుంది, పాలు కాగవు.

పాలను కాచి, చల్లార్చి, వడకట్టి, 300 గ్రాములు తూచి, మంచు గడ్డల ట్రేలో పోసి గడ్డకట్టించండి. పని మొదలుపెట్టే రోజున ఒక వెడల్పు తొట్టిలో చల్లని నీళ్ళు, కొద్దిగా ఐసు వేసి, అందులో స్టీలు గిన్నె పెట్టి, పాలగడ్డలు ఆ గిన్నెలో వేయండి. ఐసు చేపల బజారులో దొరుకుతుంది. అది బయటి తొట్టికే తప్ప పాలలో వేయడానికి కాదు. విడిగా తూచి పెట్టుకున్న 143 గ్రాముల సోడాను ఒక్కో చెంచా చొప్పున చల్లుతూ కలపండి. చెంచాకూ చెంచాకూ మధ్య ఒక నిమిషం ఆగండి. మొత్తం పావుగంట నుంచి ఇరవై నిమిషాలు పడుతుంది. పాలు లేత పసుపుకు తిరిగితే భయం లేదు. నారింజ రంగు వస్తుంటే సోడా వేయడం ఆపి, చల్లబడ్డాక కొనసాగించండి. పాలలోని వెన్న అప్పుడే సబ్బుగా మారడం మొదలుపెడుతుంది కాబట్టి కొద్దిగా చిక్కబడి విరిగినట్లు కనిపించవచ్చు. అది మామూలే. చల్లగా ఉండడం వల్ల సోడా పలుకులు కరగకుండా అడుగున మిగిలే ప్రమాదం ఉంది. కాబట్టి బాగా కలిపి, నూనెలో పోసేటప్పుడు స్టీలు వడపోతతో వడకట్టండి. పలుకులు మిగిలితే పారేయవద్దు, లెక్క తప్పుతుంది. గిన్నెలోని పాలలోనే మళ్ళీ కలిపి కరిగించండి.

ఫ్రిజ్ లేనివారికి మరో మార్గం ఉంది. సోడాను 150 గ్రాముల నీటిలో కరిగించి, మామూలు వేడికి వచ్చేవరకు పూర్తిగా చల్లారనివ్వండి. నీళ్ళు ఇంతకంటే తగ్గితే సోడా సరిగా కరగదు. చల్లని పాలు 150 గ్రాములు నూనెలో విడిగా కలపండి. ఆ తరువాత సోడా నీటిని నూనెలో పోయండి. పాలు సగమే పడతాయి, కాని పని తేలిక. నా ఉద్దేశంలో ఫ్రిజ్ ఉన్నవారు కూడా మొదటిసారి ఇలా చేయడమే మేలు.

నూనెలన్నీ తూచి పెద్ద స్టీలు గిన్నెలో కలపండి. చలికాలంలో కొబ్బరి నూనె పేరుకొని ఉంటే గోరువెచ్చగా కరిగించండి. గిన్నె అడుగు ముట్టుకుంటే వెచ్చగా తగలాలి, చుర్రుమనకూడదు. సోడా కలిపిన పాలను సన్నని ధారగా పోస్తూ కలపండి. పప్పుగుత్తితో గాని కవ్వంతో గాని అయితే ముప్పావుగంట నుంచి గంట పట్టవచ్చు. కరెంటుతో తిరిగే చేతి బ్లెండరుతో కొద్ది నిమిషాలే. చిక్కదనం తెలుసుకోవడానికి గరిటెతో కొంచెం తీసి పైనుంచి జారవిడవండి. జారిన గీత వెంటనే కలిసిపోకుండా కాసేపు పైన నిలిస్తే సిద్ధమైనట్లు. పల్చటి దోసెపిండి ఎలా ఉంటుందో అలా ఉంటుంది. వాసన కోసం నిమ్మగడ్డి నూనె వేయదలిస్తే ఇప్పుడే, కిలో నూనెకు 20 గ్రాములకు మించకుండా వేయండి. అసలు వేయకపోయినా లోటు లేదు.

లోపల ప్లాస్టిక్ కాగితం పరిచిన చెక్క పెట్టెలో గాని, శుభ్రం చేసిన పాల డబ్బాలలో గాని పోయండి. నీటితో చేసిన సబ్బును కొందరు దుప్పటి కప్పి వెచ్చగా ఉంచుతారు. పాల సబ్బుకు అలా చేయవద్దు. పాలలోని చక్కెర వల్ల లోపల వేడి పెరిగి మధ్యలో గోధుమ రంగు మరక పడుతుంది, ఒక్కోసారి పొంగి పైకి వస్తుంది. వేసవిలో అయితే ఫ్యాను కింద ఉంచండి. ఒకటి రెండు రోజులకు గట్టిపడుతుంది. చేతి తొడుగులు వేసుకొనే బయటికి తీసి ముక్కలు కోయండి. ఈ దశలో చర్య ఇంకా పూర్తి కాలేదు.

9.6 ఆరబెట్టడం, పరీక్షించడం

ముక్కల మధ్య గాలి ఆడేలా వెదురు తట్టలో పేర్చి, నీడలో పెట్టి, వారానికొకసారి తిప్పండి. నాలుగు నుంచి ఆరు వారాలు ఆరాలి. పాల సబ్బుకు ఆరు వారాలే మంచిది. ఆరే కొద్దీ నీరు పోయి బరువు తగ్గుతుంది, బిళ్ళ గట్టిపడుతుంది, నురగ బాగుపడుతుంది. ఒక బిళ్ళ మీద గుర్తు పెట్టి ప్రతి వారం తూచి రాసుకోండి. బరువు తగ్గడం దాదాపు ఆగిపోయినప్పుడు ఆరినట్లు. ఖరగ్‌పూర్‌లో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు గాలి పొడిగా ఉంటుంది. ఆ నెలలు ఈ పనికి అనువైనవి. జూలై, ఆగస్టులలో చేస్తే మరో రెండు వారాలు కలుపుకోండి.

వాడేముందు రెండు పరీక్షలు చేయండి. మొదటిది కంటితో. ముక్కను మధ్యకు కోసి చూడండి. లోపల తెల్లని గట్టి గుళికలు గాని, నీరు నిండిన గుంటలు గాని ఉంటే అవి కలవని సోడా కావచ్చు. ఆ సబ్బు వాడవద్దు, ఎవరికీ ఇవ్వవద్దు. పైన మాత్రమే సన్నని తెల్లని పొడి కనిపిస్తే అది సోడా గాలితో కలిసి ఏర్పడిన కార్బొనేటు. గీకి తీసేస్తే సరిపోతుంది. రెండోది పీహెచ్ కాగితంతో. సబ్బును తడిపి నురగ తీసి కాగితం అద్దండి. 9, 10 మధ్య ఉంటే మామూలు సబ్బే. 11 చూపితే ఇంకొన్ని వారాలు ఆరనిచ్చి మళ్ళీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఒంటికి వాడవద్దు. పరీక్షలు దాటిన తరువాత కూడా ముందు పెద్దవారు ఒకరు ముంజేతి మీద కొద్దిగా రుద్ది ఒక రోజు చూడాలి. పాలు పడనివారు వాడకూడదు.

9.7 మేకపాలు సబ్బుకు ఏమి ఇస్తాయి?

మేకపాలలో వంద గ్రాములకు సుమారు 87 గ్రాములు నీరే. కొవ్వు నాలుగు గ్రాముల దాకా, చక్కెర నాలుగున్నర దాకా, మాంసకృత్తులు మూడున్నర దాకా ఉంటాయి. బిళ్ళకు పాతిక గ్రాముల పాలంటే పాలలోని ఘనపదార్థం మూడు గ్రాములు. చక్కెర వల్ల నురగ పెరుగుతుంది. కొవ్వు వల్ల కొంత మెత్తదనం వస్తుంది. ఇంతవరకు నిజం. మేకపాల సబ్బు పీహెచ్ మన చర్మంతో సమానమని కొందరు చెబుతారు. అది నిజం కాదు. చర్మం పైభాగం పీహెచ్ సుమారు 5, ఏ నిజమైన సబ్బుదైనా 9కి పైనే. గజ్జి, తామర పోతాయని చెప్పి ఇవ్వడం కూడా తగదు. సబ్బు మురికిని తీస్తుంది, మందు కాదు. ఆ మాట నమ్మి పొరుగువారు డాక్టరు దగ్గరికి వెళ్ళడం ఆలస్యం చేస్తే నష్టపోయేది వారే.

ఇంట్లో వాడుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. అమ్మదలచుకుంటే సంగతి వేరు. ఒంటి సబ్బు మన దేశంలో సౌందర్య సాధనాల కిందికి వస్తుంది. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం, 2020 నాటి సౌందర్య సాధనాల నియమాల ప్రకారం అమ్మకానికి తయారు చేయాలంటే రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి లైసెన్సు కావాలి. ఒక్కరే కాక స్వయం సహాయక బృందంగా కలిసి తీసుకుంటే ఖర్చు పంచుకోవచ్చు. లైసెన్సు ఉన్నా లేకున్నా ప్రతి విడతకూ తేదీ, నూనెల బరువులు, సోడా బరువు, పీహెచ్ ఫలితం నోటు పుస్తకంలో రాసి ఉంచండి. సబ్బు మండిందని ఎవరైనా చెప్పిన రోజున తప్పు ఎక్కడ జరిగిందో ఆ పేజీయే చూపిస్తుంది.

పాఠాంత ప్రశ్నలు

1. కొబ్బరి నూనె 150 గ్రాములు, ఆవనూనె 150 గ్రాములు, తవుడు నూనె 200 గ్రాములు కలిపి సబ్బు చేయాలి. నూటికి ఐదు వంతులు తగ్గించి ఎంత సోడా వేయాలి? కిలోకు 300 గ్రాముల లెక్కన పాలు ఎన్ని కావాలి?

2. పాల సబ్బుకు దుప్పటి ఎందుకు కప్పకూడదు?

3. ఇంట్లో సిలవరు గిన్నె తప్ప పెద్ద గిన్నె లేదు. అందులో నూనె మాత్రమే కలిపి, సోడా పాలను వేరే స్టీలు గిన్నెలో చేసుకుంటే సరిపోతుందా?

4. లీటరు తవుడు నూనె ప్యాకెట్ మీద 910 గ్రాములు అని ఉంది. దానికి పూర్తిగా పట్టే సోడా ఎంత? కిలో అనుకొని ఐదు వంతులు తగ్గించి వేస్తే ఎంత ఎక్కువవుతుంది?

జవాబులు

1. 150 × 0.183 = 27.45, 150 × 0.123 = 18.45, 200 × 0.133 = 26.60. మొత్తం 72.50. నూటికి 95 వంతులు 68.87. కాబట్టి 68 గ్రాములు. పాలు 150 గ్రాములు.

2. పాలలోని చక్కెర వల్ల లోపల వేడి ఎక్కువై రంగు మారుతుంది, సబ్బు పొంగవచ్చు.

3. సరిపోదు. చివరికి సోడా పాలను నూనెలోనే పోస్తాం కాబట్టి సోడా సిలవరు గిన్నెకు తగులుతుంది. పెద్ద స్టీలు గిన్నె గాని, మందపాటి ప్లాస్టిక్ బకెట్ గాని వాడాలి.

4. 910 × 0.133 = 121.03, అంటే 121 గ్రాములు. కిలోకు 133, ఐదు వంతులు తగ్గిస్తే 126.35, అంటే 126 గ్రాములు. ఐదు గ్రాములు ఎక్కువ.